ఆటిజం ఉన్నవాడు ఒక్కడే నడిపే పొడుల వ్యాపారం: పని వరస, కాగితాలు ఎలా? (వైజాగ్)

ఉప్పుగాలి అడిగినది:

నమస్తే. ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు, ఒక గది ఖాళీగా ఉంది. కందిపొడి, నువ్వుల కారం, కరివేపాకు పొడి, ఈ మూడే చేస్తాను. 100 గ్రాముల ప్యాకెట్లు వారానికి 60 నుంచి 80. నాకు ఆటిజం. యూడీఐడీ (ప్రభుత్వ వైకల్య గుర్తింపు) కార్డు ఉంది, వైకల్యం 50 శాతం. తూకం, వరస, శుభ్రం ఇబ్బంది లేదు. మిక్సీ మోత, ఫోన్ కాల్స్, బేరం పడవు. వ్యాపారం నా పేరు మీదే ఉండాలి, అమ్మ పేరు మీద కాదు.

వర్షాకాలంలో పొడి వారానికే గడ్డ కడుతోంది, ఎందుకు? మోత సంగతి ఏం చెయ్యాలి? కరెంట్ అకౌంట్ అడిగితే గార్డియన్‌ని తీసుకురమ్మన్నారు, తప్పదా?

సూటిగా చెప్పండి. 'మనసుంటే మార్గముంటుంది' లాంటివి వద్దు, అవి ఇంట్లో రోజూ దొరుకుతున్నాయి.

---

దోరవేపుడు:

గడ్డ కట్టడానికి సముద్రాన్ని తిట్టుకోకండి, సగం తప్పు వంటింట్లోనే జరుగుతుంది. వేడి తగ్గకముందే సీల్ వేస్తే లోపలి ఆవిరి కవరు గోడకి చెమటలా పడుతుంది, పొడి మళ్లీ దాన్ని పీల్చుకుంటుంది. అలాగని పళ్లెంలో పోసి రాత్రంతా వదిలేసినా తప్పే, మన ఊరి గాలికి వేయించిన పప్పు తెల్లారేసరికి మెత్తబడుతుంది. వెడల్పు స్టీలు పళ్లెంలో అంగుళం మందాన పరిచి, ఫ్యాన్ కింద నలభై నిమిషాలు. అరచెయ్యి ఆనిస్తే వెచ్చదనం తగలకూడదు. వెంటనే మిక్సీ, లేదా బిగుతు మూత డబ్బా. పొడి కొట్టినప్పుడు మళ్లీ వేడెక్కుతుంది, కాబట్టి పావుగంట ఆరనిచ్చి అప్పుడు కవర్లలోకి.

రెండో దొంగ ఉప్పు. కల్లుప్పుని ఖాళీ మూకుట్లో చిటపటలు ఆగేదాకా వేయించి చివర్న కలపండి. చింతపండు, పచ్చి వెల్లుల్లి వేస్తే చెమ్మని మనమే పిలిచినట్టు. ఇంట్లో తినేదానికి వేసుకోండి, అమ్మేదానికి వద్దు.

కందిపొడి ఒక విడతకి: కందిపప్పు 500 గ్రాములు, పుట్నాలు 150, శనగపప్పు 100, ఎండుమిర్చి 90, జీలకర్ర 25, ఉప్పు 60, ఇంగువ 5. కలిపితే 930. వేపుడులోనూ జల్లెడలోనూ కొంత పోతుంది. ఎనిమిది ప్యాకెట్లకి లెక్కేసుకోండి, తొమ్మిదో దానికి ఆశపడొద్దు. ఏ పప్పుకి ఆ పప్పే వేయించాలి. శనగపప్పు దోరగా అయ్యేలోపు పుట్నాలు మాడతాయి.

నువ్వుల కారం వేరే కథ. నువ్వులు ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. ముందు మిర్చి, పప్పు పొడి చేసి, నువ్వులు చివర్న వేసి ఐదేసి సెకన్లు తిప్పి ఆపండి, మూడు నాలుగు సార్లు చాలు. మిక్సీ జారు మూడో వంతుకి మించి నింపొద్దు. పల్చటి పాలిథిన్ కవర్లో ఈ కారం నెల తిరక్కుండానే నూనె కంపు కొడుతుంది. లోపల వెండిరంగు పొర ఉన్న లామినేటెడ్ పౌచ్ తీసుకోండి.

మోతకి: మిక్సీ కింద మందపాటి రబ్బరు మ్యాటు, చెవులకి కట్టడం పనివాళ్లు పెట్టుకునే ఇయర్‌మఫ్‌లు. దూది సరిపోదు. పొడి కొట్టే పనంతా ఒకే రోజు ఒకే గంటకి పెట్టుకుంటే ఆ గంట ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది. పిండిమరకి పంపే ఆలోచన మాత్రం చెయ్యకండి. అంతకుముందు ఆడించిన గోధుమో మిర్చో మీ పొడిలో కలుస్తుంది, లేబుల్ మీద రాసిన దినుసులు అబద్ధమవుతాయి.

సీలు ఊడితే మిషనుని అనకండి, మూతి దగ్గర అంటిన పొడిని చూడండి. గరాటు గొట్టం కవరు సగం దాకా దిగాలి. నింపాక మూతి లోపల పొడి గుడ్డతో తుడవండి. 8 అంగుళాల చేతి సీలరు చాలు. ఒక సీలు, దానికి ఐదు మిల్లీమీటర్ల కింద ఇంకోటి. విడతకొకటి బకెట్ నీళ్లలో ముంచి నొక్కండి, బుడగ వస్తే ఆ విడతంతా చూడాలి. తీగ మీది టెఫ్లాన్ గుడ్డ నల్లబడితే కవరు అంటుకుని చిరుగుతుంది, గుడ్డ, తీగ ఒక్కో జత అదనంగా కొనిపెట్టుకోండి.

---

స్టాంపుకాగితం:

గార్డియన్ మాట ముందు తేలుద్దాం. మీకు 18 దాటాయి, సంతకం చేస్తారు, అకౌంట్ అంటే ఏమిటో తెలుసు. గార్డియన్ అక్కర్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం సొంత డబ్బు వ్యవహారాలు చూసుకునే హక్కు, బ్యాంకు రుణం పొందే హక్కు అందరితో సమానంగా మీకూ ఉన్నాయి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ గార్డియన్‌ని నియమించేది అవసరం ఉన్నవాళ్లకి. పని తొందరగా అవుతుందని ఆ కాగితం తేవద్దు. అది పెట్టాక అకౌంట్ నడిపేది మీరు కాదు, గార్డియన్. అమ్మగారు పక్కన కూర్చుని ఫారం చదివి పెట్టొచ్చు, సంతకం మీది ఒక్కటే.

కౌంటర్లో వాదించకండి. ఒక పేజీ ఉత్తరం రెండు కాపీలు పట్టుకెళ్లండి: 'నా పేరున సోల్ ప్రొప్రైటర్ (ఏకైక యజమాని) కరెంట్ అకౌంట్ కోరుతున్నాను. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వగలరు.' ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి. చాలాసార్లు ముద్ర అడగ్గానే మాట మెత్తబడుతుంది. ముందు బ్యాంకుకే ఫిర్యాదు, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారి) ఆర్బీఐ ఫిర్యాదుల సైటు సీఎంఎస్ పోర్టల్లో. ఖర్చు లేదు.

వ్యాపారం ఉందని చూపడానికి ఉద్యం (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) బేసిక్ రిజిస్ట్రేషన్, రెండూ మీ పేరునే. ఉద్యం పూర్తిగా ఉచితం, డబ్బడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద ఉండాలి. దాంతోపాటు దినుసులు ఎక్కువ నుంచి తక్కువ వరసలో, పచ్చ చుక్క గుర్తు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎన్నాళ్లలోపు వాడాలో, నికర బరువు, పన్నులన్నీ కలిపిన ఎమ్మార్పీ, గ్రాముకి ఎంతో, చిరునామా, ఫిర్యాదుకి ఫోనూ ఈమెయిలూ.

అందరూ మర్చిపోయేది కాటా. వంటింటి కాటాతో తూచి అమ్మకూడదు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఎలక్ట్రానిక్ కాటా కొని ఏటా మళ్లీ ముద్ర వేయించాలి. ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లో ఆ శాఖలోనే ప్యాకర్‌గా రిజిస్ట్రేషన్ చేసుకోవాలి.

అప్పు కావాలంటే పీఎంఈజీపీలో (కేంద్రం సబ్సిడీ ఇచ్చే రుణ పథకం) వికలాంగులు ప్రత్యేక వర్గం. సొంత వాటా 5 శాతం, సబ్సిడీ పట్నంలో 25, పల్లెలో 35 శాతం. ఈ లెక్క 2025-26 దాకా ప్రకటించిన విడతది. 4 లక్షల యూనిట్‌కి మీవి 20 వేలు, సబ్సిడీ లక్ష. ఆ లక్ష చేతికి రాదు, బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో సర్దుబాటవుతుంది. ఇది కొత్త యూనిట్లకే. మంజూరు కాకముందే మిషన్లు కొని బిల్లులు కొట్టడం మొదలెడితే మీది పాత యూనిట్ కిందికి పోతుంది. వారానికి 80 ప్యాకెట్లకి ఇదంతా ఎందుకని నా ఉద్దేశం, 50 వేల లోపు శిశు ముద్ర (ముద్ర పథకంలో చిన్న రుణం) చాలు.

ఇది చదివే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) వాళ్లకి ఒక మాట. 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో అది విడిగా లేదు, ఆ ఒక్కదానితో సర్టిఫికెట్ రాదు. డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) లాంటి నిర్దిష్ట అభ్యాస వైకల్యం ఆ జాబితాలో ఉంది.

---

ఉప్పుగాలి:

బకెట్ పరీక్షలో పదికి నాలుగు బుడగలు. మూతి తుడవడం లేదు, అదే. కాల్స్, బేరం సంగతి ఎవరూ చెప్పలేదు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో టేబుల్ వెయ్యమని ఒకరన్నారు.

---

చేతిచూపు:

బీచ్ వద్దు. జనం, హారన్లు, పైగా గాలికి ఇసుక. మీకు పడనివన్నీ ఒక్కచోటే ఉన్నాయక్కడ.

వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టి, మొదటి మెసేజ్‌కి ఆటోమేటిక్‌గా ఇది వెళ్లేలా చెయ్యండి: 'ధరలు కేటలాగ్‌లో ఉన్నాయి, తగ్గింపు లేదు. ఆర్డర్లు బుధవారం సాయంత్రం 6 దాకా. ప్యాకెట్లు శనివారం 10 నుంచి 12 మధ్య గేటు దగ్గర. కాల్స్ తీయను, మెసేజ్ పెట్టండి.' బేరానికి క్విక్ రిప్లై (ముందే రాసిపెట్టుకునే జవాబు) ఒకటి: 'ధర ఒకటేనండి.' ఎవరెన్నిసార్లు అడిగినా అదే వెళ్తుంది, మీరు కొత్తగా మాట వెతుక్కోనక్కర్లేదు. చాట్‌లకి పెట్టే లేబుళ్లు మూడు చాలు: కొత్తది, డబ్బు పడింది, ఇచ్చేశాను.

స్క్రీన్‌షాట్ చూసి ప్యాకెట్ ఇవ్వకండి, దొంగవి తయారుచేయడం నిమిషం పని. బ్యాంకు మెసేజ్ గాని సౌండ్‌బాక్స్ (డబ్బు పడగానే పైకి చెప్పే పెట్టె) గాని చెప్పాలి. సౌండ్‌బాక్స్ ఉలికిపాటు తెప్పిస్తే శబ్దం తగ్గించి గుడ్డ కింద పెట్టండి, తెలుగులో మొత్తం చెబుతుంది. వినపడని వ్యాపారులకి అది దండగ, ఫోన్ వైబ్రేషన్ మీద ఆధారపడాలి. చూపు లేనివాళ్లకి దాంట్లో ఒక గోతి ఉంది: క్యూఆర్ మీద ఇంకొకరు తమది అతికించి పోతే పెట్టె మూగగా ఉండిపోతుంది. అందుకే క్యూఆర్ అట్ట నాలుగు మూలలా చుక్క ఫెవికాల్ వేసి ఆరబెట్టాలి. మీద స్టిక్కర్ పడితే వేలికి తేడా తెలుస్తుంది. పొద్దున్నే ఒక రూపాయి పంపించి వినాలి.

చూపు లేనివాళ్లు నోట్లు తీసుకుంటే: కొత్త 100, 200, 500 నోట్లు మూడింటి వెడల్పూ 66 మిల్లీమీటర్లే. పొడవు 142, 146, 150. తేడా నాలుగేసి మిల్లీమీటర్లు, నలిగిన నోటుకి ఉబ్బెత్తు గీతలు తెలియవు. గట్టి అట్ట ముక్కని సరిగ్గా 146కి కోసుకుని నోటు పక్కన ఆనిస్తే లోపలికుంటే వంద, సమానమైతే రెండొందలు, బయటికొస్తే ఐదొందలు. ఆర్బీఐ వాళ్ల మణి యాప్ నెట్ లేకుండానూ నోటు చదువుతుంది, కానీ గేటు దగ్గర నలుగురు నిలబడి ఉన్నప్పుడు అట్టముక్కే వేగం.

---

దోరవేపుడు:

పదికి నాలుగంటే మూతి ఒక్కటే కాకపోవచ్చు. సీలరు లైటు ఆరాక పిడిని రెండు సెకన్లు అలాగే నొక్కి ఉంచుతున్నారా? వేడి మీద లాగేస్తే సీలు సాగి సన్నటి కన్నం మిగులుతుంది. మూతి తుడిచి పది, తుడిచి నొక్కి ఉంచి పది, విడివిడిగా ముంచి చూడండి.