వైజాగ్ ఉక్కలో కాజల్ కారుతోంది, కన్సీలర్ గీతలు పడుతోంది: తేడా ఎక్కడ?

గాజువాక_స్కూటీ

రోజూ గాజువాక నుంచి సిరిపురం దాకా స్కూటీ మీద, హెల్మెట్ పెట్టుకుని వెళ్తాను. ముఖం జిడ్డు రకం, కళ్ల కింద మాత్రం పొడి. పొద్దున్న ఎనిమిదింటికి వేసుకునే వరుస ఇది: కెఫీన్ సీరమ్ (పలచటి ద్రవం), దాని మీద చిక్కటి ఐ క్రీమ్, సన్‌స్క్రీన్, కన్సీలర్ (నలుపును కప్పే రంగు క్రీమ్), పౌడర్, రెప్ప లోపల పైనా కిందా కాజల్, చివర్లో వాటర్‌ప్రూఫ్ మస్కారా. రాత్రి రెటినాల్ (విటమిన్ ఎ రకం) ఉన్న ఐ క్రీమ్. సీరమ్, రెండు క్రీములూ ఒకే వారంలో మొదలయ్యాయి, నెల కావస్తోంది.

పదకొండు కాకముందే కాజల్ కిందికి దిగి నల్లటి చార అవుతోంది. మధ్యాహ్నానికి కన్సీలర్ గీతలు పడి బూడిద రంగులో కనిపిస్తోంది. కింది రెప్ప దగ్గర ఆవగింజ కంటే చిన్న తెల్లటి గుల్లలు నాలుగైదు వచ్చాయి. సాయంత్రానికి కళ్లు మంట. ఏది ఆపాలి, ఏది ఉంచాలి? ఐదు వారాల్లో ఇంట్లో పెళ్లి ఉంది, ముహూర్తం తెల్లవారుజాము నాలుగు గంటలకు. కొత్తవి కొనమంటే కొంటాను గానీ, ముందు తప్పు ఎక్కడుందో తెలియాలి.

వాల్తేరు_బ్రష్

మీరు కొన్నవాటిలో తప్పు ఉందని అనుకోను. వరుసలోనూ మోతాదులోనూ ఉంది. అడుగున జిడ్డు పొర ఉంటే దాని మీద ఏదీ నిలవదు, ఎంత ఖరీదైనదైనా సరే. మన ఊళ్లో గాలిలోనే తేమ, ఆపైన హెల్మెట్ లోపలి వేడి. క్రీమ్ ఆరదు, వేడికి పలచబడి రెప్పల వైపు పాకుతుంది. కాజల్‌ని కరిగించేది చెమట కంటే ముందు ఆ క్రీమే.

మొదట రెటినాల్, కెఫీన్ రెండూ ఆపండి. రెండు వారాలు వాసన లేని పలచటి మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, అంతే. మంట పూర్తిగా పోయాక ఒక్కొక్కటే తిరిగి తీసుకోండి, ఒకదానికీ మరోదానికీ మధ్య రెండు వారాలు ఉండాలి. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర, రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు రాసి చూడాలి. ఎర్రబడకపోతే కంటి బయటి చివర ఎముక మీద మూడు రాత్రులు. ఆ తర్వాతే కంటి కింద.

మోతాదు: రెండు కళ్లకీ కలిపి పెసరగింజంత. కంటి కింద వేలితో నొక్కితే గుండ్రంగా ఎముక అంచు తగులుతుంది కదా, ఆ అంచు మీదే ఉంగరపు వేలితో చుక్కలు పెట్టి అద్దాలి. దానికి పైన, రెప్ప వెంట్రుకల దాకా రాయనక్కర్లేదు. రెప్ప చర్మం అర మిల్లీమీటరు మందం, పైగా రోజంతా ఆడుతూనే ఉంటుంది. అంచు మీద పెట్టింది కొంత పైకి అదే చేరుతుంది. మీరు కళ్ల మంట అంటున్నది చాలావరకు ఇదే అయి ఉండాలి. రాత్రి రెప్ప దాకా రాసిన రెటినాల్ కంట్లోకి జారుతుంది.

పొద్దున్న చిక్కటి ఐ క్రీమ్ మానేయండి. ఆ రెండు వారాలూ అయి, గుల్లలూ పోయాక కావాలంటే దాన్ని రాత్రికి మార్చుకోండి. పొద్దున్న సన్‌స్క్రీన్ రాశాక పది నిమిషాలు ఆగి, టిష్యూ ఒక పొర తీసి కళ్ల కింద మెత్తగా నొక్కండి. టిష్యూ మీద మెరిసే మరక కనిపించిందంటే ఇంకా జిడ్డు ఉన్నట్టే, మళ్లీ నొక్కాలి. మరక పడని దాకా కన్సీలర్ మూత తీయకూడదు.

కన్సీలర్ ఒక్కో కంటికి బియ్యపు గింజంత చాలు. అందరూ చేసే పొరపాటు దాన్ని కంటి కింద పెద్ద త్రికోణంలా పరచడం. నలుపు ఉన్నది ముక్కు పక్క లోతులో, కాస్త బయటి చివర. ఆ రెండు చోట్లే పెట్టి, అర నిమిషం ఆగి, అంచులు మాత్రమే అద్దాలి. మధ్యలో వేలు పెడితే కప్పినదంతా వేలికే వచ్చేస్తుంది. తర్వాత అద్దం నుదుటికి పైన పట్టుకుని కళ్లు పైకెత్తి చూడండి. అప్పటికే సన్నటి గీత ఒకటి పడి ఉంటుంది. దాన్ని వేలితో సరిచేసి, కన్ను కిందికి దించకుండానే పౌడర్ అద్దేయాలి. దించి వేస్తే ఆ గీత అలాగే గట్టిపడుతుంది, మధ్యాహ్నం మీకు కనిపించేది అదే.

బూడిద రంగు మాత్రం వేరే తప్పు. ముఖం రంగు కంటే రెండు షేడ్లు తెల్లటి కన్సీలర్‌ని గోధుమ నలుపు మీద వేస్తే బూడిదే వస్తుంది. ముందు నలుపును విరిచే పీచ్ రంగు కరెక్టర్, చామనఛాయకు ఇంకాస్త నారింజ, పలచగా. దాని మీద ముఖం రంగులోనే ఉన్న కన్సీలర్.

ఎంవీపీ_పగటివెలుగు

బ్రష్ గారు చెప్పిన వరుస సరైనదే. అసలు కళ్ల కింద నలుపు ఏ రకమో తేల్చుకోకుండా సీరమ్ కొనడమే డబ్బు దండగ. పగటిపూట కిటికీకి ఎదురుగా, ఏమీ రాయని ముఖంతో అద్దం పట్టుకోండి.

చర్మాన్ని మెల్లగా పక్కకు లాగండి. గోధుమ రంగు చర్మంతో పాటే జరిగి, అలాగే ఉంటే అది చర్మంలోని రంగు. లాగినప్పుడు ఊదాగా ఇంకా స్పష్టంగా కనిపిస్తే పలచటి చర్మం కింద రక్తనాళాలు. ఫోన్ టార్చ్ ఎదురుగా వేస్తే నలుపు మాయమై, పైన లైటు కింద మళ్లీ వస్తే అది గుంట వల్ల పడే నీడ. చాలామందికి రెండు మూడు కలిసే ఉంటాయి.

కెఫీన్ పనిచేసేది ఉబ్బు మీద, రక్తనాళాల రంగు మీద, అదీ కొన్ని గంటలే. చర్మపు రంగుకు కావలసింది సన్‌స్క్రీన్, నియాసినమైడ్ (విటమిన్ బి3 రకం), విటమిన్ సి, ఓపిక. మూడు నెలలలోపు తేడా ఆశించకండి. మన చర్మాలకు కంటికి కనిపించే వెలుతురు కూడా మరకను ముదురు చేస్తుంది, అందుకే ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మేలు. స్కూటీ మీద ఎండ సూటిగా పడుతుంది కాబట్టి హెల్మెట్‌కి ముదురు గాజు లేకపోతే చలవ కళ్లద్దాలు తప్పనిసరి. నీడకు ఏ క్రీమూ పనిచేయదు, ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఇంకొకటి, ఇది గట్టిగానే చెప్పాలి. వారంలో తెల్లబరుస్తామనే క్రీములు కళ్ల కింద రాయకండి. ట్యూబు మీద బీటామెథాసోన్, మోమెటాసోన్, క్లోబెటసాల్ అని ఉంటే అది స్టెరాయిడ్. మొదట నిగనిగలాడుతుంది, తర్వాత చర్మం పలచబడి నాళాలు బయటపడతాయి, కంటి చుట్టూ ఎక్కువకాలం వాడితే కంట్లో ఒత్తిడి పెరిగే ప్రమాదం కూడా ఉంది. డాక్టరు రాసిస్తే, రాసినన్ని రోజులే.

లాసన్స్‌బే_కాటుక

మస్కారా సంగతి ఎవరూ ఎత్తలేదు. వాటర్‌ప్రూఫ్ అంటే నీళ్లకు తట్టుకుంటుంది, నూనెకు కాదు. అందులో ఉన్నది మైనాలు. చర్మపు జిడ్డు, ఐ క్రీమ్ తగిలితే మెత్తబడి కింద అచ్చు పడుతుంది. జిడ్డు ముఖానికి, ఈ వాతావరణానికి ట్యూబింగ్ మస్కారా సరిపోతుంది. అది ప్రతి వెంట్రుక చుట్టూ పాలిమర్ తొడుగులా గట్టిపడుతుంది, నూనెకు కరగదు. తీసేటప్పుడు గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి అర నిమిషం ఆనించి మెల్లగా కిందికి లాగితే చిన్న చిన్న నల్లటి పోగుల్లా ఊడి వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు రెప్ప వెంట్రుకలే రాలుతున్నాయని భయపడతారు, అవి కావు.

వాల్తేరు_బ్రష్

ట్యూబింగ్‌తో ఒప్పుకుంటాను. అది వంపు నిలపదు, అదొక్కటే లోటు. నిటారుగా కిందికి చూసే వెంట్రుకలకు వాటర్‌ప్రూఫ్ ఒక్క పూత పై రెప్పకి వేసి, కింది రెప్పకి ట్యూబింగ్ వేస్తే రెండూ దక్కుతాయి. అచ్చు పడేది ఎక్కువగా కింది వెంట్రుకల నుంచే.

గాజువాక_స్కూటీ

చాలా థాంక్స్ అండీ. కిటికీ దగ్గర చూశాను, గోధుమ రంగు చర్మంతో పాటే జరుగుతోంది, టార్చ్ వేస్తే కొంత తగ్గుతోంది కూడా. మరి కాజల్? లోపల పెట్టకుండా ఉండలేను. అమ్మమ్మ ఆముదం దీపం మీద పట్టిన కాటుకైతే చలవ, ఏమీ కాదంటున్నారు. దుకాణంలో ఏది నిలుస్తుందో ఎలా తెలుస్తుంది?

రెప్ప_అంచు

మీ గుల్లల సంగతితో మొదలుపెడతాను. తెల్లగా, గట్టిగా, నొప్పి లేకుండా ఉంటే మీలియా కావచ్చు, చర్మం కింద చిక్కుకున్న కెరటిన్ (చర్మంలోని మాంసకృత్తి). చిక్కటి క్రీమ్ ఆపితే చాలావాటికి కొన్ని నెలల్లో అవే పోతాయి. సూదితో గిచ్చకండి. చర్మం రంగులోనే ఉండి సంఖ్య పెరుగుతుంటే అవి వేరే రకం కావచ్చు, చర్మ వైద్యులకు చూపించాలి.

ఇక కాజల్. కింది రెప్పను అద్దంలో కాస్త కిందికి లాగి చూడండి. వెంట్రుకల వరుసకు లోపలి పక్కన, తడి అంచు మీద సూదిమొన గుచ్చినట్టు సన్నటి చుక్కలు వరసగా కనిపిస్తాయి. అవి నూనె గ్రంథుల నోళ్లు. కన్నీరు త్వరగా ఆరిపోకుండా పైన నూనె పొర వేసేది అవే. మీరు కాజల్ దిద్దేది సరిగ్గా వాటి మీద. రోజూ మూసుకుపోతే కళ్లు పొడిబారతాయి, మండుతాయి, కురుపులు వస్తాయి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో 2015లో ప్రచురించిన పరిశీలనలో ఐలైనర్‌ని వెంట్రుకలకు బయట కంటే లోపల గీసినప్పుడు ఐదు నిమిషాల్లోనే 15 నుంచి 30 శాతం ఎక్కువ రేణువులు కన్నీటి పొరలో చేరాయి.

అందుకని రోజువారీకి వెంట్రుకల మొదళ్ల మధ్య, బయటి పక్కన చుక్కలుగా పెట్టండి, చూపులో తేడా తెలియదు. లోపల పెట్టాలనుకున్న రోజున ముందు ఇయర్ బడ్‌తో తడి అద్దేసి, బయటి వైపు మూడింట రెండు వంతులు మాత్రమే దిద్దండి. ముక్కు వైపు కొలకులో నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. కన్నీరు బయటికి పోయే దారి అక్కడే, కాజల్ కరిగి పోగయ్యేదీ అక్కడే. వెంట్రుకల కింద మ్యాట్ గోధుమ ఐషాడో చదును బ్రష్‌తో సన్నగా అద్దితే కిందికి జారే రంగును అది పట్టుకుంటుంది.

అమ్మమ్మ గారి మాట కొట్టిపారేయలేం, అది ప్రేమతో పట్టిన కాటుక. కానీ అది మసి, ఆముదం, నెయ్యి. నెయ్యి ఈ ఉక్కకు కరగక మానదు, మసిలో కంటికి పనికిరాని కాలిన పదార్థాలు ఉంటాయి, డబ్బాలో వేళ్లు పెడుతూ పోతే సూక్ష్మజీవులు చేరతాయి. నుదుటన, అరికాలిన దిష్టిచుక్కగా పెట్టుకోవచ్చు. పసిపిల్లల కంట్లో మాత్రం అసలు వద్దు. విడిగా పొడిలా అమ్మే సుర్మాలో సీసం సల్ఫైడ్ ఉండే అవకాశం ఉంది, చూసి గుర్తుపట్టలేం, కొనకండి.

జగదాంబ దగ్గర దుకాణంలో టెస్టర్‌ని కంటికి పెట్టొద్దు, ఎంతమంది కళ్లకు తగిలిందో తెలియదు. మణికట్టు లోపలి వైపు ఒక్కో పెన్సిల్‌తో మూడు గీతలు గీసి పది నిమిషాలు వేరే సరుకు చూడండి. ఒక గీత మీద పొడి వేలు, రెండో దాని మీద నీళ్ల వేలు, మూడో దాని మీద ఒక చుక్క కొబ్బరినూనె అద్దిన వేలు, ఒక్కొక్కసారే లాగండి. మూడో గీత అన్నిటికీ కొంత చెదురుతుంది. తక్కువ చెదిరినదే మీది. ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ చూడండి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే వదిలేయండి.

మస్కారా తెరిచాక మూడు నెలలే. బ్రష్‌ని లోపలికీ బయటికీ ఆడించకండి, గాలి చేరి త్వరగా ఆరుతుంది. కళ్ల కలక వస్తే ఆ సమయంలో వాడినవన్నీ చెత్తబుట్టకే, పొదుపు చూడొద్దు. కాంటాక్ట్ లెన్సులు ఉంటే మేకప్‌కి ముందే పెట్టుకోవాలి, తీసేటప్పుడు మొదట లెన్సులు. రెండు పొరల రిమూవర్ బాగా ఊపి, దూదిని మూసిన కన్ను మీద అర నిమిషం ఆనించాలి. రుద్దితే ఆ గోధుమ నలుపు ఇంకా పెరుగుతుంది.

రెండు వారాలు అన్నీ ఆపినా మంట తగ్గకపోతే, లేదా ఎరుపు, నొప్పి, మసక చూపు ఉంటే ఇక్కడ అడుగుతూ కూర్చోవద్దు. పెదవాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. మసక, నొప్పి ఉంటే ఆ రోజే వెళ్లాలి.

ఎంవీపీ_పగటివెలుగు

పెళ్లికి: ఐదు వారాల్లో రెండు ఆపడానికే పోతాయి. మూడో వారంలో ఒక్క సన్‌స్క్రీన్ మార్చుకోండి, రెటినాల్ పెళ్లి అయ్యాకే. మళ్లీ మొదలుపెట్టినప్పుడు వారానికి రెండు రాత్రులు, మాయిశ్చరైజర్ మీద, ఎముక అంచు మీద. గర్భం ఉన్నా, అనుకుంటున్నా అసలు వద్దు. పెళ్లికి పది రోజులు మిగిలాక కొత్త డబ్బా ఏదీ తెరవకండి.

నాలుగింటి ముహూర్తం అంటే రెండింటికే మేకప్, నిద్ర లేని ఉబ్బు ఉంటుంది. స్టీలు చెంచాలు రెండు ఫ్రిజ్‌లో పెట్టి, మూసిన కళ్ల మీద వెనుక వైపు ఐదు నిమిషాలు ఆనించాలి. ఫ్రీజర్‌లో పెట్టినవి కాదు, చర్మం కాలినట్టవుతుంది. హోమం పొగకు కన్నీళ్లు తప్పవు కాబట్టి కింది తడి అంచు ఖాళీగా వదిలేయండి. కన్నీరు వస్తే టిష్యూ మూలను మొనలా మడిచి కొలకులో ఆనించాలి, తుడవకూడదు. తెల్లటి సిలికా పౌడర్ కంటి కింద ఎక్కువైతే ఫ్లాష్ ఫోటోల్లో తెల్లటి మచ్చలు పడతాయి. ముందు రోజు గదిలో లైటు తీసేసి ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి చూసుకోండి.

గాజువాక_స్కూటీ

రెటినాల్ పక్కన పెట్టేశాను, రేపటి నుంచి టిష్యూ పద్ధతి. ఒక్క సందేహం: సన్‌స్క్రీన్ మీద కరెక్టర్ అద్దితే రబ్బరు పొట్టులా ఉండలు వస్తోంది.

వాల్తేరు_బ్రష్

రెండింటి వెనకా పదార్థాల జాబితా చూడండి. ఒకదానిలో మొదట నీళ్లు, రెండోదానిలో మొదట డైమెథికోన్ లాంటి సిలికోన్ ఉంటే కొన్నిసార్లు అలా ఉండ కడుతుంది. రెండూ ఒకే రకానివి ఎంచుకోండి. అప్పటిదాకా సన్‌స్క్రీన్ ఆరడానికి పదికి బదులు పదిహేను నిమిషాలు ఇవ్వండి, కరెక్టర్‌ని వేలితో రాయకుండా తడిపి గట్టిగా పిండిన స్పాంజి మొనతో నొక్కండి.