జంక్షన్‌కి రెసిస్టర్ తగిలిస్తే సూపర్‌కండక్టర్, తీసేస్తే ఇన్సులేటర్. ఎలా?

బ్రాడీపేట_ఎమ్మెస్సీ:
గుంటూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నా. సెమినార్‌కి డిసిపేషన్ (శక్తి వేడిగా పోవడం) ఉన్న జోసెఫ్‌సన్ జంక్షన్లు తీసుకున్నా. అంటే రెసిస్టెన్స్ లేకుండా కరెంటు పోనిచ్చే రెండు సూపర్‌కండక్టర్ల మధ్య పల్చటి ఇన్సులేటర్ పొర ఉన్నవి. మూడు రోజులుగా ఒకే పేజీ దగ్గర కూర్చున్నా. జంక్షన్‌కి షంట్‌గా పెట్టిన రెసిస్టెన్స్ 6.45 కిలో ఓమ్‌లు (హెచ్ బై 4ఈ స్క్వేర్; హెచ్ ప్లాంక్ స్థిరాంకం, ఈ ఎలక్ట్రాన్ చార్జి) దాటితే సున్నా కెల్విన్ దగ్గర జంక్షన్ ఇన్సులేటర్, తగ్గితే సూపర్‌కండక్టర్ అని ష్మిడ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1983లో చెప్పాడు. రెసిస్టర్ అంటే శక్తిని వేడిగా పారబోసేది కదా, అది సూపర్‌కండక్టివిటీని కాపాడటమేంటి? లెక్క వస్తోంది, మనసు ఒప్పుకోవట్లేదు.

పటమట_మాస్టారు:
గుంట పునుగుల పెనం గుర్తు తెచ్చుకో బాబూ. జంక్షన్ ఫేజ్, అంటే రెండు వైపుల సూపర్‌కండక్టర్ల క్వాంటం తరంగాల మధ్య తేడా, ఆ గుంటల్లో గోళీ. ఒకే గుంటలో కుదురుగా ఉంటే వోల్టేజి సున్నా, కరెంటు హాయిగా పోతుంది. గుంట మారిందంటే ఫేజ్ 2π జారినట్టే, వోల్టేజి పుడుతుంది. ఇది క్వాంటం గోళీ, గట్టు ఎక్కకుండానే పక్క గుంటలోకి టన్నెల్ అవుతుంది (గట్టులోంచే దూరిపోతుంది). అడ్డు లేకపోతే అన్ని గుంటల్లోనూ పరుచుకుంటుంది. అప్పుడు ఫేజ్‌కి నిలకడ పోయి, కూపర్ జంటలు (సూపర్‌కండక్టర్‌లో కరెంటు మోసే ఎలక్ట్రాన్ జంటలు) కదలక కరెంటు ఆగుతుంది.

ఇప్పుడు పెనంలో ఆముదం పొయ్యి. గోళీ ఉన్నచోటే అంటుకుంటుంది. రాపిడి టన్నెలింగ్‌ని అణుస్తుందని కాల్డేరా, లెగెట్ 1981లోనే చూపించారు. ఒక్కటి మర్చిపోకు, షంట్ పక్కన, పారలల్‌గా కలిపేది. రెసిస్టెన్స్ తగ్గేకొద్దీ దానిలోంచి ఎక్కువ కరెంటు పోతుంది, అంటే ఆముదం చిక్కబడుతుంది.

కృష్ణలంక_క్రయో:
తమ్ముడూ, ఇది తేలిపోయిన విషయంలా మాత్రం చెప్పకు. 2020లో ఫ్రాన్స్‌లో మురానీ బృందం హద్దు దాటిన రెసిస్టెన్స్‌తో కొలిచి, ఇన్సులేటర్ జాడే లేదని రాసింది. దానిమీద పెద్ద వాదన జరిగింది. తర్వాత కుజ్మిన్ బృందం మైక్రోవేవ్‌లతో చూసి, సూపర్‌కండక్టర్ నుంచి ఇన్సులేటర్‌కి పరివర్తన కనబడిందని 2025లో ప్రచురించింది. నా మటుకు నాకు చిక్కంతా ఉష్ణోగ్రత దగ్గరే ఉంది. గుంటలు లోతుగా ఉంటే టన్నెలింగ్ ఎంత అరుదంటే, ఇన్సులేటర్‌ని చూడటానికి కావలసినంత చల్లదనం ఏ ఫ్రిజ్‌లోనూ రాదు. ఈ ముక్క చెబితే సెమినార్ నిలబడుతుంది.

బ్రాడీపేట_ఎమ్మెస్సీ:
మాస్టారూ, నేను సిరీస్‌లో ఊహించుకుని తిరగేసి ఆలోచించా! చార్టు మీద రెండు రెసిస్టర్లు అతికిస్తా. నీలం ఎరుపు ఎరుపు 6.2 కిలో, నీలం బూడిద ఎరుపు 6.8 కిలో. మధ్యలో హద్దు గీత.

పటమట_మాస్టారు:
బావుంది. మల్టీమీటర్‌తో కొలిచి మరీ అతికించు. చివర బంగారు గీత ఉంటే 5 శాతం అటూ ఇటూ. నీ 6.2 కిలో 6.5 దాకా పోవచ్చు, అది హద్దుకి అవతలే.