ఎల్క్ ఎదురుగా వచ్చి నిలబడితే బాణం వేయాలా, వదిలేయాలా?

కొండదారి:
అమెరికాలోని కొలరాడోలో సెప్టెంబర్ ఆర్చరీ సీజన్‌కి, అంటే విల్లుతో వేటాడనిచ్చే రోజులకి, సిద్ధమవుతున్నాను. బాణంతో ఎల్క్ (అక్కడి పెద్ద జింక) వేటకి వెళ్లడం ఇదే మొదటిసారి. ఒక్క విషయంలో మా జట్టులో మాట కలవడం లేదు. అది ఎద కాలం కాబట్టి, మనం ఎల్క్‌లా పెట్టే కూత వినగానే మగ ఎల్క్ నేరుగా మన మీదికే వస్తుంది. అంటే కనిపించేది రొమ్మే, పక్క కాదు. గొంతు మొదట్లో వేయొచ్చని కొందరు, ముట్టుకోవద్దని కొందరు. మీరేమంటారు?

విల్లమ్ము:
వద్దు. బాణం చంపేది రక్తస్రావంతోనే, తూటాలా తాకిడితో కాదు. ఎల్క్ అడ్డంగా నిలబడినప్పుడు ముందుకాలి వెనక అంచు వెంబడి చూపు పైకి తీసుకెళ్లి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర వేస్తే రెండు ఊపిరితిత్తులూ తెగుతాయి. కొద్దిగా అటూ ఇటూ అయినా చోటుంటుంది. ఎదురుగా ఉంటే దొరికేది నాలుగైదు అంగుళాల సందు. రెండు పక్కలా జబ్బ ఎముకలు, కింద రొమ్ము ఎముక. కాస్త పక్కకి పోయిందా, బాణం భుజం కండలో ఆగిపోతుంది. చాలాసార్లు బాణం అవతలికి రాదు కాబట్టి నేల మీద రక్తపు జాడ కూడా సరిగ్గా దొరకదు. ఆ జంతువు గాయంతో ఎన్ని రోజులు తిరుగుతుందో ఆలోచించండి.

సెప్టెంబర్‌బుల్:
అన్నా, ఎముకల గురించి మీరు చెప్పింది నిజమే. “వద్దు” అని కొట్టేయడం మాత్రం ఒప్పుకోను. ఆ సందులో దిగితే దాని వెనక ఉన్నవన్నీ పెద్ద రక్తనాళాలు, ఊపిరితిత్తులు, గుండె. అడ్డంగా ఉంటే చాలు అంటారు గానీ దూరం సంగతి ఎవరూ ఎత్తరు. బాణం వేగం సెకనుకి 270 అడుగులు అనుకుందాం. 45 గజాలంటే 135 అడుగులు, చేరడానికి అర సెకను. ఈలోపు ఎల్క్ ఒక్క అడుగు ముందుకేస్తే ఊపిరితిత్తులకి వేసింది పొట్టలో దిగుతుంది. 15 గజాలైతే సెకనులో ఆరో వంతు. కదలకుండా, తల ఎత్తి నిలబడిన బుల్ (మగ ఎల్క్) అంత దగ్గర్లో ఉంటే నాకు ఈ షాటే నమ్మకం.

విల్లమ్ము:
తమ్ముడూ, ఆ 15 గజాల దగ్గర అది చూస్తున్నది నిన్నే. విల్లు అప్పటికే పూర్తిగా లాగి ఉంటే తప్ప, లాగే కదలికకే తిరిగి దౌడు తీస్తుంది.

అడవిగాలి:
షాట్ తర్వాతి సంగతి కూడా మాట్లాడుకోవాలి. నురుగుతో లేత ఎరుపు రక్తం కనిపిస్తే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్లొచ్చు. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. పచ్చటి మేత కనిపిస్తే పొట్ట, ఎనిమిది గంటలైనా కదలకూడదు, తొందరపడి వెంటపడితే కొండ దాటి పోతుంది. కానీ సెప్టెంబర్ మధ్యాహ్నం ఎండకి అన్ని గంటలు మాంసం నిలుస్తుందా? అందుకే నాకు కోణం కన్నా సామాను మీద పట్టింపు ఎక్కువ. కొలరాడోలో విల్లు లాగే బరువు కనీసం 35 పౌండ్లుండాలి, బ్రాడ్‌హెడ్ (బాణం చివర బ్లేడ్లున్న మొన) వెడల్పు అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులుండాలి. అది చట్టం అడిగే కనీసం మాత్రమే. మూడు వందల కిలోల జంతువుకి బరువైన బాణం, కదలని బ్లేడ్లు, క్షవరం చేసేంత పదును కావాలి.

కొండదారి:
మన దగ్గర వేటని కట్టడి చేసిన 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక పుట్టిన నాలాంటి వాళ్లకి ఇంట్లో చూసి నేర్చుకునే వీల్లేదు. అందుకే ఇంత వివరంగా అడుగుతున్నాను. అసలు అది ఎదురుగా రాకుండా చేయలేమా?

విల్లమ్ము:
చేయొచ్చు, అసలు పని అదే. కూత పెట్టేవాడిని విల్లు పట్టినవాడి వెనక 40, 50 గజాల్లో ఉంచండి. బుల్ కూత వచ్చిన చోటుకి పోతూ మీ పక్క నుంచి దాటుతుంది. దాటాక వాడు మెల్లగా ఆడ ఎల్క్ కూత పెడితే ఆగుతుంది, అప్పుడు వెనక పక్కటెముకల మీదుగా అవతలి ముందుకాలికి గురిపెట్టండి. నా దృష్టిలో అంతకు మించిన షాట్ లేదు.

సెప్టెంబర్‌బుల్:
జట్టుంటే సరే. ఒంటరిగా వెళ్లేవాళ్ల సంగతేంటి?

విల్లమ్ము:
కూత పెట్టి, గాలి చూసుకుని ఇరవై గజాలు ముందుకి, పక్కకి జరుగు. అది పాత చోటునే వెతుకుతుంది. అయినా నీకే ఎదురుగా నిలబడితే విల్లు దించు. పక్క తిప్పినా తిప్పుతుంది, వెళ్లిపోయినా పోతుంది.

సెప్టెంబర్‌బుల్:
జరగడం వరకూ నేర్చుకుంటాను. 15 గజాల లోపు మాత్రం నేను దించను.