దవడ కింద బిళ్ల కట్టింది, నొప్పి. ఎన్నాళ్లు ఆగొచ్చు?

కందుకూరు నుంచి: కుడి దవడ కింద రేగిపండంత బిళ్ల. తాకితే నొప్పి, నెడితే జరుగుతుంది. జ్వరం లేదు. మెడికల్ షాపులో మాత్రలు కలిపిస్తామంటున్నారు. వాడొచ్చా? క్యాన్సరేమోనని ఇంట్లో ఒకటే భయం.

జవాబు 1: నొప్పి పుట్టడం, వేలికింద జరగడం రెండూ మంచి గుర్తులేనండీ. బిళ్ల తొందరగా వాచి పైపొర సాగితేనే అంత నొప్పి, అది ఎక్కువగా ఇన్‌ఫెక్షన్ పనే. ముందు నోట్లో చూడండి: పుచ్చుపన్ను, చిగురువాపు, టాన్సిల్స్. మెడ వెనకైతే తలలో పేలు, కురుపులు. పన్ను బాగుచేయించకుండా మాత్రలు మింగితే బిళ్ల మళ్లీ వస్తుంది. నొప్పికి పెద్దవాళ్లయితే పారాసిటమాల్ 500, ఆరేసి గంటల ఎడంతో (లివర్ జబ్బుంటే డాక్టర్ని అడిగే). అస్తమానం నొక్కి చూడకండి, ఆ నొక్కుడికే వాపు తగ్గదు.

జవాబు 2: ఆ కలిపిచ్చే మాత్రలు వద్దే వద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే బిళ్ల కరిగినట్టే ఉంటుంది, లోపల లింఫోమా (ఈ బిళ్లల్లో వచ్చే క్యాన్సర్) ఉన్నా దొరక్కపోవచ్చు. లెవోఫ్లాక్సాసిన్ (ఒక యాంటీబయాటిక్) అయితే బిళ్లలో టీబీ ఉన్నా కప్పేస్తుంది. 2 నుంచి 4 వారాల్లో తగ్గాలి. తగ్గకపోయినా, రాయిలా కదలకపోయినా, కాలర్‌బోన్ పైన వచ్చినా, రాత్రిళ్లు చెమటలు పట్టి బరువు తగ్గుతున్నా ఒంగోలు పెద్దాసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీకి వెళ్లండి. సూదితో తీసిన నమూనాను సీబీనాట్‌కూ (టీబీని పట్టే పరీక్ష) పంపమని అడగండి. నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా అదే రోజు.

జవాబు 3: సెగ్గడ్డ అనుకుని కోయించొద్దు. టీబీ బిళ్లయితే కోసినచోట మానక కారుతూనే ఉంటుంది. టీబీకి మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితం, మామూలుగా 6 నెలలు. మందు మొదలెట్టాక బిళ్ల ఇంకా పెరగొచ్చు కూడా. అది చూసి ఆపేయొద్దు.