అనంతగిరి క్యాంపులో రాత్రి పది దాటాక స్పీకర్ ఉండాలా, వద్దా?

నడకపిచ్చి:
డిసెంబరులో మళ్లీ వికారాబాద్ వైపు వెళ్తున్నాం. శనివారం సాయంత్రానికి కోట్‌పల్లి ప్రాజెక్టు పక్కన రైతు పొలంలో టెంట్లు. ఆదివారం తెల్లవారుజామున కార్లలో అనంతగిరి వెళ్లి, పద్మనాభస్వామి గుడి దగ్గర నుంచి అడవి దారిలో నడక. బయల్దేరే ముందే ఒక మాట తేలాలి. రాత్రి పది కొట్టగానే స్పీకర్ కట్టేయాలి. పోయినసారి రెండు దాకా పాటలు నడిచాయి, ఐదింటికి లేచింది సగం మందే. నిద్రలేని కాళ్లతో గులకరాళ్ల వాలు దిగుతూ ఒకాయన జారిపడి మోచెయ్యి చీరుకున్నాడు.

పాటలపందిరి:
హైదరాబాద్ నుంచి అంత దూరం వచ్చేది పదింటికే ముసుగుతన్ని పడుకోవడానికా అన్నా? అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ వాళ్ల పేరు కూడా తెలియదు నాకు. మంట చుట్టూ కూర్చుని పాడుకుంటేనే మనుషులు దగ్గరవుతారు. పాట లేని క్యాంపు నాకొద్దు.

లింగంపల్లి లోకల్:
స్పీకర్ బదులు ఎవరైనా గిటార్ తెస్తే సరిపోదా?

నడకపిచ్చి:
2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఇది నా చాదస్తం కాదు, రూలే అది.

పాటలపందిరి:
ఆ రూలు పెళ్లి ఊరేగింపులకీ మైకు సెట్లకీ. నాది అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్. దాన్ని లౌడ్‌స్పీకర్ అని ఎవరంటారు?

నడకపిచ్చి:
సైజుతో పనిలేదు. రాత్రి చల్లబడ్డాక చప్పుడు నీళ్ల మీదుగా అవతలి గట్టు దాకా పోతుంది. గట్టు మీద నిలబడి మీరే విని చూడండి.

కంది చేను:
మాది ప్రాజెక్టు పక్క ఊరే, కాబట్టి చెప్తున్నా. కంది కాయ పట్టాక మా నాన్న రాత్రంతా మంచె మీదే ఉంటాడు. అడవిపందులు చేనులోకి దిగేది చీకట్లో కంటికి కనిపించదు. ఆకు గలగల, మట్టి తవ్వే చప్పుడు, వాటిని చెవితోనే పట్టుకోవాలి. మీ పాటలు మోగుతుంటే ఆయనకేం వినపడుతుంది? తాండూరు కందిపప్పుకి 2022లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతం ప్రత్యేకత అని ఇచ్చే ముద్ర) వచ్చిందని అందరూ అడిగి కొంటారు. ఆ పంట మా జిల్లాలో ఇలా కాపలా కాస్తేనే చేతికొస్తుంది. ఇంకోటి, పోయిన ఏడాది గట్టు మీద పగిలిన సీసా పెంకు గుచ్చుకుని మా ఎద్దు నెల రోజులు కుంటింది.

పాటలపందిరి:
సీసాలు మా గుంపువి కావు. ప్రతిసారీ సంచిలో ఏరుకుని వెళ్తాం. దాన్ని మా మీద వేయొద్దు.

కొత్తగా చేరాను:
టెంట్ అద్దెకు దొరుకుతుందా, కొనుక్కోవాలా?

నడకపిచ్చి:
ఆ ఊరి మనిషే చెప్తున్నాడు. ఇంకా వాదనెందుకు? కట్టేయాల్సిందే.

పాటలపందిరి:
సరే, అడిగారు కాబట్టి చెప్తాను. పోయిన క్యాంపులో మా ఆవిడకి మోకాలు పట్టేసింది. మీరంతా ముందు వెళ్లిపోయారు. దారి రెండుగా చీలే చోట మేమిద్దరమే మిగిలాం. ఫోన్‌లో సిగ్నల్ లేదు. మేకలు కాసే పెద్దాయన దారి చూపించకపోతే ఏమయ్యేదో. గుడి దగ్గరికి వచ్చేసరికి టిఫిన్ గిన్నెలు కడిగేసి ఉన్నాయి. ఏమయ్యారని ఒక్కరూ అడగలేదు. ఇక నడకకు రానంది మా ఆవిడ. మాకు మిగిలింది శనివారం రాత్రి ఒక్కటే. అదీ కట్టేయమంటే మమ్మల్ని ఎందుకు పిలుస్తున్నారు, ఖర్చులో వాటాకా?

నడకపిచ్చి:
అందరూ చివరి మనిషి వేగంతో నడిస్తే ఎండెక్కే లోపు తిరిగి రాలేం. వారమంతా కుర్చీకి అతుక్కుని ఉండేవాణ్ణి, నాకు ఆ రెండు గంటలే ముఖ్యం. నడవలేనివాళ్లు గుడి దగ్గర ఉండొచ్చు కదా?

ఉప్మా అక్క:
ఉండొచ్చు అనడం తేలికే తమ్ముడూ. పోయినసారి అలా ఉన్నది నేనే. మీరొచ్చేసరికి స్టవ్ ముందు కూర్చుని ఉప్మా చేసింది, ఆ గిన్నెలు కడిగింది కూడా నేనే. నాకూ మూసీ పుట్టిన ఆ గుట్టలు చూడాలని ఉంది. స్పీకర్ గురించి ఇంత వాదించుకున్నారు, వెనక ఎవరు నడుస్తారో ఒక్కరూ మాట్లాడలేదు.

లింగంపల్లి లోకల్:
అక్క చెప్పింది నిజం.

నడకపిచ్చి:
దారి తెలిసింది నాకే కాబట్టి నేను ముందే ఉండాలి.

కంది చేను:
దారి నాకూ తెలుసు. చివరి మనిషి వెనక నేను నడుస్తా. స్పీకర్ తెస్తే మాత్రం రాను.

పాటలపందిరి:
స్పీకర్ సంగతి తర్వాత. దారి చీలే చోట ఎవరు ఆగుతారు, టిఫిన్ ఎవరు చేస్తారు, ముందు పేర్లు రాయండి. అవి చూశాకే డబ్బు పంపిస్తా.