క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్‌కు పసుపు, అశ్వగంధ మాత్రలు వాడవచ్చునా?

ప్రశ్న (అనంతపురం నుంచి):
కొవిడ్ తగ్గినా మా అక్కను నీరసం వదలలేదు. రాత్రంతా నిద్రపోయినా లేచేటప్పటికి ఒళ్లు బరువుగానే ఉంటుంది. ఒక పూట ఇంటి పని చేసుకుంటే మరునాడు మంచం దిగలేకపోతుంది. పరీక్షలన్నీ చేయించిన మీదట డాక్టరుగారు క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అని తేల్చారు. థైరాయిడ్ మాత్ర చాలాకాలంగా వేసుకుంటోంది. బంధువులు తెచ్చిన డబ్బా మీద పసుపు సారం, మిరియాల సారం, అశ్వగంధ, గ్రీన్ టీ సారం అని ఉంది. యాంటీఆక్సిడెంట్లు గనుక హాని ఉండదని వారంటున్నారు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (కర్నూలు, ఫార్మసిస్టు):
డాక్టరుగారికి చూపించేవరకు ఆ డబ్బాను పక్కన పెట్టించండి. అశ్వగంధ, అంటే మన సీమ చేలలో కూడా పండించే పెన్నేరు గడ్డ, థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు కాబట్టి, ఇప్పటికే మాత్ర వేసుకుంటున్న మీ అక్కగారికి గుండెదడ, నిద్రలేమి రావచ్చు. అశ్వగంధ వల్లనూ, గ్రీన్ టీ సారం వల్లనూ కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. పసుపులోని కర్‌క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు గనుకనే మిరియాల పైపరిన్ కలుపుతారు; 20 మిల్లీగ్రాముల పైపరిన్‌తో రక్తంలోకి చేరే కర్‌క్యుమిన్ దాదాపు 20 రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. అయితే అదే పైపరిన్ ఇతర మందుల మోతాదునూ రక్తంలో పెంచగలదు. కూరలో వేసే చిటికెడు పసుపుతో ఈ భయమేమీ లేదు. ఈ జబ్బు ఉన్నవారిలో ఆక్సీకరణ ఒత్తిడి (యాంటీఆక్సిడెంట్లు అడ్డుకుంటాయని చెప్పే కణాల నష్టం) ఎక్కువగా ఉన్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించిన మాట నిజమే గానీ, ఈ మాత్రలతో జబ్బు నయమైనట్టు రుజువు లేదు.

జవాబు (కడప నుంచి):
నాకూ ఇదే జబ్బు. బ్రిటన్‌లో డాక్టర్లకు చికిత్సా సూచనలిచ్చే నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు, జబ్బును నయం చేయడానికంటూ మందులు గానీ సప్లిమెంట్లు గానీ ఇవ్వవద్దనీ, వ్యాయామాన్ని క్రమంగా పెంచుకుంటూ పోయే పద్ధతి కూడా వద్దనీ చెప్పాయి. ఉన్న శక్తిని పొదుపుగా వాడుకోవడమే వాటి సారం. అక్కగారిని పొయ్యి దగ్గర నిలబడి జొన్నరొట్టెలు తట్టనివ్వకండి. కూరగాయలు కూర్చునే తరగమనండి, అలసట రాకముందే పడుకోమనండి. కాస్త బాగున్న రోజున మిగిలిన పనులన్నీ ముగించేద్దామని అనిపిస్తుంది, ఆ రోజునే మరీ జాగ్రత్త అవసరం. ఇంట్లోవాళ్లు దీనిని బద్ధకమని అనకుండా చూడవలసిన బాధ్యత మీదే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. డబ్బాను డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్తాను. అక్కకు ఐరన్ తక్కువని మాత్రలిచ్చారు, వాటిని థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకోవచ్చునా?

జవాబు (కర్నూలు, ఫార్మసిస్టు):
కలిపి వద్దు. థైరాయిడ్ మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని, ఐరన్ మాత్రకు కనీసం 4 గంటల ఎడం ఇవ్వాలి. ఐరన్ వేసుకునే వేళకు టీ, కాఫీ తాగవద్దని చెప్పండి.