గుంటూరులో సెస్సు కట్టిన మిర్చికి ఖమ్మంలో మళ్లీ కట్టాలా?

పట్నంబజారు:
యార్డులో కొన్న 200 టిక్కీలు (మిర్చి బస్తాలు) ఖమ్మంలో ఏసీకి (కోల్డ్ స్టోరేజీకి) పంపాలి. ఇక్కడ మార్కెట్ సెస్సు (మార్కెట్ కమిటీ వేసే ఫీజు) కట్టేశాం. అక్కడ మళ్లీ అడిగితే ఏం చేయాలి? దేశమంతా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగం 301వ అధికరణం అంటోంది కదా, అది చూపిస్తే సరిపోతుందా?

గవర్నర్‌పేట లెక్కలు:
301తో పని జరగదండీ, కాగితాలతో జరుగుతుంది. సెస్సు పడేది కొనుగోలు మీద, లారీ కదిలినందుకు కాదు. ఏసీలో దాచినంత మాత్రాన ఖమ్మంలో సెస్సు రాదు. చిక్కల్లా సరుకు బయటికి తీసేటప్పుడే. 1966 ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఒక మార్కెట్ ప్రాంతం దాటి పోయే సరుకు అక్కడే చేతులు మారినట్టు లెక్క. కాదని మీరే రుజువు చేసుకోవాలి. విడిపోయాక తెలంగాణ కూడా ఆ చట్టాన్నే తన పేరుతో వాడుతోంది. అందుకే తక్‌పట్టీ (యార్డులో తూకం, ధర రాసిచ్చే చీటీ), సెస్సు రసీదు, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ పత్రం), ఏసీ బాండు (ఏసీలో సరుకు దాచినట్టు ఇచ్చే రసీదు) అన్నీ దగ్గరుంచుకోండి. నాలుగింటిలో టిక్కీల సంఖ్య ఒకటే ఉండాలి. రసీదులో 200, బాండులో 198 ఉంటే ఆ రెండూ ఖమ్మంలో అమ్మారంటారు.

జీఎస్టీ వేరే సంగతి. టిక్కీ 45 కిలోలనుకుంటే 90 క్వింటాళ్లు, క్వింటా 15,000 చొప్పున 13.5 లక్షలు. ఎండుమిర్చికి 5 శాతం, అంటే పన్ను 67,500. ఈ-వే బిల్లు లేకుండా దొరికితే జీఎస్టీ చట్టం 129వ సెక్షన్ కింద దానికి రెట్టింపు, 1,35,000 పెనాల్టీ. 200 కిలోమీటర్ల లోపు దూరానికి బిల్లు గడువు ఒక్కరోజే. దారిలో బండి చెడితే గడువుకు 8 గంటలు ముందు నుంచి 8 గంటలు తర్వాత వరకు పొడిగించుకోవచ్చు. ఖమ్మంలోనే అమ్మేట్టయితే తెలంగాణ రిజిస్ట్రేషన్ తీసుకుని, ఆ ఏసీని అందులో చూపించాలి.

అరండల్‌పేట:
301 సంగతి నేను చెబుతాను. మార్కెట్లు రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో (రాష్ట్రాలు చట్టం చేసే అంశాల్లో) 28వ అంశం. పన్ను ఉన్నంత మాత్రాన 301ను ఉల్లంఘించినట్టు కాదని, బయటి సరుకుపై వివక్ష చూపితేనే తప్పని 2016లో జిందాల్ స్టెయిన్‌లెస్ కేసులో తొమ్మిదిమంది జడ్జీల బెంచ్ తేల్చింది. సెస్సుపై మన రాష్ట్రం కేసే ఉంది: వంద రూపాయలకు 50 పైసల నుంచి రూపాయికి పెంచడాన్ని 1983లో శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. పొగాకుకు కేంద్ర చట్టం, దాని కింద మన ఊళ్లోనే బోర్డు ఉన్నా, మార్కెట్ కమిటీలు ఫీజు వేయొచ్చని 2002 ఐటీసీ తీర్పు, అదీ 3:2 మెజారిటీతో. యార్డు బయట సెస్సు లేకుండా చేసిన 2020 కేంద్ర చట్టం మరుసటి ఏడాదే రద్దయింది. కాబట్టి ఇప్పటికి పెత్తనం రాష్ట్రాలదే. ఇది నాకు సబబుగానే తోస్తుంది, యార్డు నడిపేది వాళ్లే కనుక. కానీ గుంటూరు మిర్చికి ఒక రేటు, ఖమ్మం మిర్చికి ఇంకో రేటు పెడితే మాత్రం కోర్టుకు వెళ్లాల్సిందే.

పట్నంబజారు:
ఖమ్మం ఏసీ నుంచి నేరుగా చెన్నై పార్టీకి అమ్మితే?

గవర్నర్‌పేట లెక్కలు:
చెన్నై పార్టీ మనిషి ఖమ్మం వచ్చి కాటా వేయించుకుని సరుకు తీసుకెళ్తే అక్కడి సెస్సు తప్పించుకోవడం కష్టం. చెన్నైలో డెలివరీ అయితే ఒప్పందం, బిల్లు, లారీ రసీదు మూడింటిలోనూ డెలివరీ స్థలం చెన్నై అని ముందే రాయించండి. లారీని ఆపాక రాసిన కాగితాన్ని ఎవరూ నమ్మరు.